పాత చైనా నాణెం కొందామనుకుంటున్నారా? ఏది కొనాలి, ఏది వద్దు, అసలుదని ఎలా తేల్చుకోవాలి

నెలకు ఒకటి రెండుసార్లైనా నాకు వాట్సాప్‌లో ఇదే ఫోటో వస్తుంటుంది. ఎర్ర దారంతో కలిపి కట్టిన మూడు పసుపుపచ్చ నాణేలు, మధ్యలో చదరపు బెజ్జం, కింద "అన్నా, మా అత్తమ్మ బీరువాలో దొరికినయ్, చైనావట, ఎంతొస్తాయి?" అని. ఏమీ రావండీ. అవి లాఫింగ్ బుద్ధ పక్కన పెట్టి అమ్మే ఫెంగ్‌షుయ్ సరుకు. మీద ఉన్నది మాత్రం నిజమైన చక్రవర్తి పేరే, చాలాసార్లు చియాన్‌లోంగ్ (1735–1796) పేరు, అందుకే నెట్‌లో ఆ అక్షరాలు వెతికితే పద్దెనిమిదో శతాబ్దం అని వస్తుంది, ఇక ఇంటిల్లిపాదికీ టెన్షన్. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడింటికీ ఒకే చోట ఒకే చుక్క, ఒకే చోట ఒకే సొట్ట ఉంటే అవన్నీ ఒకే అచ్చులోంచి ఊడిపడ్డవి. ఇసుక అచ్చుల్లో పోసిన పాత నాణేలు ఏ రెండూ అలా అచ్చుగుద్దినట్టు ఉండవు.

వాటిని పక్కన పెడితే, "సరే, మరి నిజంగా ఒకటి కొనాలంటే ఏది కొనాలి" అని అడిగేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నా సలహా కాస్త తిరకాసుగా అనిపించొచ్చు. తూకంతో, నీళ్ళ గ్లాసుతో ఇంట్లోనే సుబ్బరంగా పరీక్షించగలిగే నాణేలు వెండి డాలర్లు, కానీ మార్కెట్లో అన్నిటికంటే ఎక్కువ దొంగవి వాటిలోనే. బెజ్జం కాసుల్ని తూకం వేసి తేల్చడం దాదాపు కుదరదు, కానీ వాటిలో మామూలు రకాలకు దొంగవి చేస్తే చేసినవాడికి కూలి కూడా గిట్టదు. కాబట్టి మొదటిసారి కొనేవాళ్ళు పాతదనాన్ని చూసి కాకుండా, దొంగకు లాభం లేని చోటు చూసి కొనాలి.

కాసులు అంటున్నానేంటి అనుకోకండి. ఈ బెజ్జం నాణేన్ని ఇంగ్లీషువాళ్ళు క్యాష్ అని పిలుస్తారు. తమిళంలోని కాసు పోర్చుగీసువాళ్ళ నోట పడి అటూ ఇటూ తిరిగి ఇంగ్లీషులో అలా తేలింది. మన కాసూ అదే కదా, అందుకే వాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకోకుండా నేను నేరుగా కాసు అనే రాస్తాను.

పోత నాణెం, కొట్టిన నాణెం

ఈ తేడా ఒక్కటి బుర్రకెక్కితే సగం పని అయిపోయినట్టే. మన రూపాయి బిళ్ళ కొట్టిన నాణెం, అంటే లోహపు బిళ్ళ మీద ఉక్కు ముద్రతో గట్టిగా గుద్దుతారు. చైనావాళ్ళు రెండు వేల ఏళ్ళకు పైగా అలా చేయలేదు. నమూనా నాణేలను ఇసుకలో ఒత్తి, ఆ గుంటల్లోకి కరిగించిన కంచు పోసేవాళ్ళు. లోహం చల్లారాక తీస్తే చెట్టుకు కాయల్లా కొమ్మకు వేలాడుతూ నాణేలు వచ్చేవి. వాటిని విరిచి, చదరపు బెజ్జంలోంచి చదరపు కడ్డీ దూర్చి, అన్నింటి అంచులూ కలిపి ఆకురాయితో రాసేవాళ్ళు. గుండ్రటి బెజ్జమైతే కడ్డీ మీద నాణెం గిర్రున తిరిగిపోతుంది, చదరంగా ఉంటే కదలదు. ఆకాశం గుండ్రం, భూమి చదరం అనే వేదాంతం కూడా దీనికి చెబుతారు గానీ, నాకు ఆకురాయి కథే ఎక్కువ నచ్చుతుంది.

యంత్రాలు వచ్చింది చాలా ఆలస్యంగా, 1889 ప్రాంతంలో గ్వాంగ్‌డోంగ్ టంకశాలతో. దానికి ముందుది అని చెప్పి అమ్ముతున్న బెజ్జం కాసు అంచు అద్దంలా నున్నగా, అక్షరాలు బ్లేడుతో కోసినట్టు ఉంటే అక్కడే ఆగండి.

సోంగ్ కాసులా, చింగ్ కాసులా?

కొత్తవాళ్ళకు దొరికేవి ప్రధానంగా ఈ రెండే. హాన్ కాలం నాటి వూజూ (క్రీ.పూ. 118లో మొదలై 621 దాకా నడిచింది), తాంగ్ వంశం 621లో తెచ్చిన కైయువాన్ తోంగ్‌బావ్ కూడా చవగ్గానే దొరుకుతాయి, కానీ వూజూలో ఏది ఏ రాజుదో తేల్చడం తలనొప్పి, వాటిని రెండో ఏడాదికి పెట్టుకోండి.

చింగ్ వంశం (1644–1911) కాసులకు ఒక సుఖం ఉంది. ముందువైపు నాలుగు చైనా అక్షరాలు, వెనకవైపు చాలావాటికి బెజ్జానికి అటూ ఇటూ మంచూ లిపిలో రెండు మాటలు. ఎడమది "బోవ్", అంటే ధనం. కుడిది టంకశాల పేరు. ఒక చార్టు ఫోన్‌లో పెట్టుకుంటే చైనా భాష రాకపోయినా పది నిమిషాల్లో "ఇది కాంగ్‌షీ, బీజింగ్ రెవెన్యూ శాఖ టంకశాల" అని చెప్పేయొచ్చు. మంచూ రాత నిలువుగా, వెన్నుపూసలా ఒక గీత చుట్టూ పళ్ళతో ఉంటుంది. నాసిరకం కాపీల్లో ఆ పళ్ళు పోయి వానపాము పాకినట్టు ఉంటుంది, కాబట్టి ముందు వెనకవైపు చూడడం అలవాటు చేసుకోండి.

అయినా నేను కొత్తవాళ్ళకు చింగ్ కాసులు రెండో స్థానంలోనే పెడతాను. కారణం ఆ ఎర్ర దారమే. షున్‌జీ, కాంగ్‌షీ, యోంగ్‌జెంగ్, చియాన్‌లోంగ్, జియాచింగ్, ఈ ఐదుగురి కాసులూ ఒక దండగా ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందని నమ్మకం ఉంది, దాంతో ఈ పేర్ల మీద కాపీలు గంపలకొద్దీ తయారవుతున్నాయి. పైగా చింగ్ కాసులు అసలే ఇత్తడి రంగులో ఉంటాయి, కాపీలూ ఇత్తడివే, రంగు చూసి తేల్చుకునే అవకాశం పోయింది.

ఉత్తర సోంగ్ (960–1127) అలా కాదు. అవి రాగి, సీసం, తగరం కలిపిన కంచు. చైనాలో నాణేలకు ఇత్తడి వాడడం బాగా పెరిగింది పదహారో శతాబ్దంలో, మింగ్ వంశపు జియాజింగ్ కాలం నుంచి. అంటే సోంగ్ కాసు అని చెప్పి అరిగిన చోట పసుపుపచ్చగా మెరుస్తున్న దాన్ని మీ చేతిలో పెడితే వెయ్యేళ్ళ లెక్కలో ఏదో తేడా ఉంది. ఇక సంఖ్య చూడండి, 1080 ప్రాంతంలో సోంగ్ టంకశాలలు ఏడాదికి దాదాపు 50 లక్షల దండలు పోశాయి, దండకు లెక్కప్రకారం వెయ్యి కాసులు. కుండల్లో పెట్టి పూడ్చిన నిధులు ఇప్పటికీ తవ్వకాల్లో బయటపడుతూనే ఉంటాయి, అందుకే వెయ్యేళ్ళ నాటి నాణెం మంచి హోటల్లో ఒకరు భోంచేసే ఖర్చు లోపు దొరుకుతుంది. ఆ ధరకు దొంగది పోసి, దానికి చిలుము పట్టించి, అమ్మి ఎవడు బాగుపడతాడు?

అందం విషయంలోనూ నా ఓటు వీటికే. సోంగ్ కాసుల మీద ఒకే శకానికి (చక్రవర్తి తన పాలనలో కొన్నేళ్ళకు పెట్టే పేరు) రెండు మూడు రకాల లిపులుంటాయి. యువాన్‌ఫెంగ్ (1078–1085) కాసులు ముద్ర లిపిలో ఒకటి, వడి రాతలో ఒకటి, అదే సైజు, అదే బెజ్జం, జంటగా దొరుకుతాయి. చున్‌హువా (990–994) కాసుల మీద రాత స్వయంగా తాయ్‌జోంగ్ చక్రవర్తిదే, మూడు శైలుల్లో. హుయ్‌జోంగ్ అయితే రాజ్యం పోగొట్టుకున్నాడు గానీ చేతిరాత మాత్రం అద్భుతం, దాగువాన్ (1107–1110) కాసుల మీద ఆ సన్నటి గీతలు చూస్తే కాసేపు ధర మర్చిపోతాం. ఆ మర్చిపోవడమే ప్రమాదం. 41 మిల్లీమీటర్ల పెద్ద దాగువాన్, అంటే పది కాసుల విలువది, ధర బాగా ఎక్కువ, దాని దొంగవీ ఎక్కువే. చిన్న కాసుల్లోనే ఉండండి.

చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలంటే, ముందు అంచు. భూతద్దంలో ఆకురాయి గీతలు కనిపించాలి, అరిగినా కొద్దిగా ఆనవాలు ఉంటుంది. తర్వాత అక్షరాల మొదళ్ళు. అసలు నాణెంలో గీత నేల మీది నుంచి లేచినట్టు ఉంటుంది. అసలు నాణేన్నే ఒత్తి మళ్ళీ పోసిన నకిలీలో గీతలు కరిగిన సబ్బులా మొద్దుబారి, సందుల్లో చిన్న చిన్న బుడగ గుంటలు ఉంటాయి. పైగా లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది కాబట్టి ఆ నకిలీ ఒకటి రెండు శాతం చిన్నది అవుతుంది. 24 మిల్లీమీటర్ల కాసులో అది అర మిల్లీమీటరు కూడా కాదు, వెర్నియర్ కాలిపర్ ఉన్నా అనుమానం మాత్రమే పుడుతుంది, రుజువు దొరకదు. బరువు సంగతి సరేసరి, ఒకే శకపు కాసులు ఒకటి 3 గ్రాములు, ఇంకొకటి 4.5 గ్రాములు ఉన్నా రెండూ అసలువే కావొచ్చు.

ఇక చిలుము. దీని మీద కొంచెం ఆగుతాను. నేలలో వందల ఏళ్ళు ఉన్న కంచు మీద చిలుము పొరలు పొరలుగా, లోహంలోంచి మొలిచినట్టు ఉంటుంది, కింద ఎర్రగా, పైన ఆకుపచ్చగా, కొన్నిచోట్ల నీలంగా. చెక్క టూత్‌పిక్‌తో గీకితే కదలదు. దొంగ చిలుము జిగురుతో కలిపిన రంగు, లేదా యాసిడ్‌తో రాత్రికి రాత్రి తెప్పించిన పొడి. ఇయర్‌బడ్‌ను నెయిల్‌పాలిష్ తుడిచే అసిటోన్‌లో ముంచి ఒక మూల రుద్దండి. దూది ఆకుపచ్చగా మారితే కథ అయిపోయినట్టే. అసిటోన్ అసలు చిలుమును ఏమీ చేయదు, భయం అక్కర్లేదు. చింతపండు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. నా మొట్టమొదటి సోంగ్ కాసును మా పెద్దమ్మ దేవుడి గంటలతో పాటు చింతపండు వేసి తోమి, తళతళలాడించి, "ఎంత మురికి పట్టించావురా" అని చేతికిచ్చింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పావుగంటలో వెయ్యేళ్ళు వదిలిపోయాయి. ఆమెను ఏమంటాం, ఆమెకు రాగి చెంబు ఎంతో అదీ అంతే. ఇప్పటికీ ఆ కాసు నా దగ్గరుంది, తోమిన నాణెం ఎలా ఉంటుందో చూపించడానికి పనికొస్తోంది.

లేత ఆకుపచ్చ పొడి రాలుతూ, తుడిచినా మళ్ళీ వస్తుంటే అది నకిలీ కాదు, కంచుకు పట్టే రోగం. అలాంటిదాన్ని మిగతావాటి పక్కన పెట్టొద్దు.

ఇంకో గందరగోళం, బెజ్జం ఉన్నదల్లా చైనాది కాదు. జపాన్ కాన్‌ఎయ్ కాసులు, కొరియా సాంగ్‌ప్యోంగ్ కాసులు, వియత్నాం కాసులు అన్నీ ఇదే రూపం, ఇవే అక్షరాలు. జపాన్‌లో నాగసాకి దగ్గర 1659 నుంచి 1685 దాకా యువాన్‌ఫెంగ్ పేరుతోనే వ్యాపారం కోసం కాసులు పోశారు. అవి దొంగవి కావు, వాటిని కోరి సేకరించేవాళ్ళున్నారు, కానీ సోంగ్ ధర పెట్టి తెలియక కొంటే అది మీ తప్పే.

వెండి డాలర్: యువాన్ షికాయ్ "బుర్ర"

గణతంత్ర చైనా అధ్యక్షుడు యువాన్ షికాయ్ తల ఉన్న ఈ నాణేన్ని చైనాలో ముద్దుగా యువాన్ పెద్ద బుర్ర అంటారు. గణతంత్రపు మూడో ఏడు, అంటే 1914లో మొదలైంది, తర్వాత ఎనిమిది, తొమ్మిది, పదో ఏళ్ళ (1919, 1920, 1921) తేదీలతో వచ్చింది. మూడో ఏటి దాని మీద తల పైన ఆరు అక్షరాలు, మిగతావాటి మీద ఏడు. 39 మిల్లీమీటర్లు, బరువు 26.7 గ్రాముల చుట్టుపక్కల, వెండి 89 శాతం. దీనికి ముందరి డ్రాగన్ డాలర్ల మీద "7 మేస్, 2 కాండరీన్లు" అని ఇంగ్లీషులోనే రాసి ఉంటుంది, అది దాదాపు 26.9 గ్రాములు. నాణెమే తన బరువు చెప్పుకుంటుంటే తూచకుండా కొనేవాళ్ళను ఏమనాలి? నేను అలాగే కొన్నాను లెండి.

విదేశీ ప్రయాణంలో ఒక పాత సామాన్ల సంతలో, నల్లగా మాసి, మీసాలు అరిగి, చూడగానే నమ్మకం కలిగించే బుర్ర ఒకటి కనిపించింది. బేరమాడి సగానికి తెచ్చానని మురిసిపోయాను. ఇంటికొచ్చి తెలిసిన కంసాలికి చూపిస్తే ఆయన వేలి మీద నిలబెట్టి ఒక్కసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని, "జర్మన్ సిల్వర్ బాబూ, కుంకుమ భరిణెలు చేస్తారు చూడు, అదీ" అన్నాడు. తూకం 22.4 గ్రాములు. చేతిలో బరువుగానే అనిపించింది, నాలుగు గ్రాముల తేడా అరచేతికి తెలియలేదు.

ఆ రోజు నుంచి నేను చేసే పరీక్ష ఇది. 0.01 గ్రాము చూపించే చిన్న జేబు తూకం కొనండి, కొన్ని వందల్లో వస్తుంది. ముందు నాణెం తూచండి. తర్వాత తూకం మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేనికి సన్న దారం కట్టి, గ్లాసు అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకుండా పూర్తిగా నీళ్ళలో వేలాడదీయండి. అప్పుడు తూకం చూపించే అంకె నాణెం తోసేసిన నీటి బరువు. అసలు బుర్ర అయితే 2.6 దగ్గర ఆగుతుంది. 26.7ను 2.6తో భాగిస్తే 10.3 వస్తుంది, 89 శాతం వెండికి అది సరిపోతుంది. నా దొంగ బుర్ర కూడా 2.6 దగ్గరే ఆగింది, సైజు అదే కదా, కానీ 22.4ను భాగిస్తే 8.6, అంటే కంసాలి మాట నిజమే. తెలివైన దొంగ బరువు సరిచేయాలంటే మందం ఐదో వంతు పెంచాలి, అది కాలిపర్‌కు దొరికిపోతుంది. అటైనా ఇటైనా ఎక్కడో ఒకచోట పట్టుబడక తప్పదు.

అయస్కాంతం? అది తెలివితక్కువ దొంగవాటినే పట్టుకుంటుంది. ఇత్తడి, జర్మన్ సిల్వర్ చాలావరకు దానికి అతుక్కోవు. పైగా కాసుల్లో అయితే సిచువాన్‌లో సోంగ్ కాలంలో ఇనుప కాసులే పోశారు, అవి అతుక్కుంటాయి, అయినా అసలువే.

ఒక్క చోట ఈ నీళ్ళ పరీక్ష ఓడిపోతుంది. సరైన పాళ్ళలో వెండి కలిపి, మంచి ముద్రతో కొట్టిన నకిలీలు ఉన్నాయి. అప్పుడు మిగిలేది వెంట్రుకల గీతలు, భుజం మీది గుబ్బలు, వెనకవైపు కంకుల గింజలు, అంచు గాట్లు ఒక్కొక్కటీ పోల్చి చూసే ఓపిక. అది నాకూ పూర్తిగా లేదు.

వెండిలో మీకు నా మొదటి సిఫార్సు బుర్ర కానే కాదు. చైనా రేవుల్లో తిరగడానికని ఎక్కువగా మన బొంబాయి, కలకత్తా టంకశాలల్లో కొట్టిన బ్రిటిష్ ట్రేడ్ డాలర్ ఉంది, 1895 నుంచి 1935 దాకా. ఒకవైపు త్రిశూలం పట్టుకుని నిలబడ్డ బ్రిటానియా, రెండోవైపు చైనా, మలయ్ లిపుల్లో "ఒక డాలర్". బొంబాయిదైతే త్రిశూలం మధ్య మొనలో బుల్లి "బి" అక్షరం. 26.95 గ్రాములు, 90 శాతం వెండి, కాబట్టి అదే నీళ్ళ గ్లాసు చాలు. దీనికీ దొంగవి ఉన్నాయి, కానీ మన దేశంలోని పాత డీలర్లకు ఇది చేతికి అలవాటైన నాణెం, అడిగితే చెప్పేవాళ్ళు దొరుకుతారు. వీటి మీద చైనా వర్తకులు కొట్టిన చిన్న చిన్న గుద్దు ముద్రలు ఉంటే పాడైపోయిందని వదిలేయకండి, అవి నాణెం ఎన్ని చేతులు మారిందో చెప్పే సంతకాలు, నాకైతే శుభ్రమైన దానికంటే ఇదే ఇష్టం.

ఇవి మాత్రం వద్దు

కత్తి నాణేలు, పార నాణేలు, వాంగ్‌మాంగ్ కాలపు బంగారం పొదిగిన కత్తి, తైపింగ్ తిరుగుబాటు రోజుల్లో షియాన్‌ఫెంగ్ పోయించిన వంద, ఐదు వందల, వెయ్యి విలువల పెద్ద కాసులు. చరిత్ర బ్రహ్మాండం. ఆన్‌లైన్‌లో రెండు వందలకు కనిపించేది మాత్రం చరిత్ర కాదు.

పరీక్ష మీరు చేసుకోవాలా, డీలర్‌ను నమ్మాలా, స్లాబ్ కొనాలా

వెయ్యి రూపాయల లోపు కాసుకు మీ కళ్ళు చాలు, తప్పు జరిగినా అది ట్యూషన్ ఫీజు. ఐదు, పది వేల వెండి నాణేనికి డీలర్ అవసరం, అదీ "ఎప్పుడు నకిలీ అని తేలినా డబ్బు వాపస్" అని బిల్లు మీద రాసిచ్చేవాడు. నోటిమాటగా చెప్పి బిల్లు దగ్గరికొచ్చేసరికి నసిగేవాడి దగ్గర చాయ్ తాగి వచ్చేయండి. అంతకు మించిన ధరైతే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు, లేదా చైనాలో గోంగ్‌బో, పరీక్షించి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసిన నాణెమే కొనండి, స్లాబ్ అంటే అదే. ఆ డబ్బాలకూ దొంగవి ఉన్నాయి. నంబరు వాళ్ళ సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటోలోని గీతలూ మచ్చలూ మీ చేతిలోని నాణెంతో కలుస్తున్నాయో లేదో చూడాలి. నంబరు ఉంటే చాలదు, దొంగలు నిజమైన నంబర్లే కాపీ కొడతారు.

"ఇక్కడ కొని, పరీక్షకు విదేశానికి పంపిస్తాను" అనుకునేవాళ్ళకు ఒక మాట. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని మామూలు వ్యక్తులు దేశం దాటించడం నేరం. కొరియర్‌లో "బొమ్మ" అని రాసి పంపే తెలివితేటలు చూపించొద్దు. అందుకే స్లాబ్ కావాలంటే ముందే స్లాబ్‌లో ఉన్నది కొనుక్కోవాలి.

"ఇంతకీ నువ్వైతే మొదట ఏది కొంటావు" అని అడిగితే నాకు ఆలోచన కూడా అక్కర్లేదు. 1077లో చోళ రాజ్యం నుంచి 72 మందితో ఒక రాయబారం సోంగ్ దర్బారుకు వెళ్ళిందనీ, తెచ్చిన కానుకలకు బదులుగా వాళ్ళకు 81,800 దండల రాగి కాసులు ఇచ్చారనీ చైనావాళ్ళ రాతల్లో ఉంది. అప్పుడు చోళ సింహాసనం మీద ఉన్నది కులోత్తుంగుడు, వేంగి రాజు రాజరాజ నరేంద్రుడి కొడుకైన మన రాజేంద్రుడు. తంజావూరు ప్రాంతపు పొలాల్లో సోంగ్ కాసుల కుండలు దొరికాయి కూడా. ఆ ఏడు చైనాలో నడుస్తున్నది షీనింగ్ శకం (1068–1077). షీనింగ్ యువాన్‌బావ్ చిన్న కాసులు, ముద్ర లిపిది ఒకటి, మామూలు లిపిది ఒకటి, జంటగా అడగండి. అంచు మీద ఆకురాయి గీతలు చూసి, ఇయర్‌బడ్‌కు రంగు అంటకపోతే డబ్బిచ్చి తెచ్చుకోండి, ఇంట్లో చింతపండుకు అందకుండా దాచుకోండి.